దిగుడు పాట

పెనీష్ రేవులో చేపల వేలంపాట
పైకి ఎక్కదు, కిందికి దిగుతుంది.
నలభై ఏళ్ళు ఆ పాట పాడినవాడు అడెలీను,
ఇప్పుడు నా వార్డులో పదకొండో మంచం.
డెబ్భై దగ్గర ఎత్తుకుని ఒక్క గుక్కలో
అరవైతొమ్మిది అరవైఎనిమిది అరవైఏడు
ఎవడో ఒకడు ‘షుయ్’ అని అరిచేదాకా.
అరిచినవాడిదే ఆ బుట్ట, ఆ ధరకి.

ఇదంతా నాకు చెప్పడానికి
మూడు రాత్రులు పట్టింది అతనికి.
గుక్క ఇప్పుడు నాలుగు మాటల పొడవు.

కుడి ఊపిరితిత్తి పైభాగం తీసేశారు.
పక్కటెముకల సందులోంచి వచ్చిన గొట్టం
మంచం కింద సీసాలోకి దిగుతుంది.
గంటకోసారి మోకాళ్ళ మీద కూచుని చూస్తాను:
నీళ్ళు అతని శ్వాసతో పాటు ఊగుతున్నాయా,
దగ్గినప్పుడు బుడగలొస్తున్నాయా,
ఎరుపు పలచబడి నీరుకావికి తిరిగిందా.
సీసాకి అంటించిన టేపు మీద గీత గీసి టైము రాస్తాను.
రెండూ పది. మూడూ పది.
బుడగలు ఆగిపోవడం మంచి కబురు అంటే
"చచ్చిన చేపకీ బుడగలుండవు" అన్నాడు.

మొదటి రాత్రి అడిగాను, అందరినీ అడిగినట్టే:
నొప్పి ఎంత, సున్నా నుంచి పదిలో?
కళ్ళు మూసుకుని పది దగ్గర మొదలుపెట్టాడు.
పది. తొమ్మిది.
తొమ్మిదా? అన్నాను.
ఆగమని వేలు చూపించాడు.
ఎనిమిది. ఏడు.
నా మొహంలోకి చూస్తున్నాడు, దేనికోసమో.
నాకేం తెలుసు, కొండప్రాంతం దాన్ని,
మా దాకా చేప ఉప్పులో ఎండి వచ్చేది.
ఆరు దగ్గర అతను ఆగిపోతే మందు ఎక్కించాను.
సంగతి తెలిశాక సిగ్గేసింది.
పాట పెట్టాడు, అడిగే నాథుడు లేడు.

నాలుగో రాత్రి నుంచి
ఎనిమిది దగ్గరే నేను ‘షుయ్’ అంటున్నాను.

దగ్గమంటే దగ్గడు.
కుట్లు తెగి మిగిలిన ఊపిరి కూడా
బయటపడిపోతుందని భయం.
ఇంత మనిషికి ఇదేం భయమని
పగటి డ్యూటీ కుర్రాడు నవ్వాడట.
దిండు మడిచి గాయానికి అదిమి
దాని మీద నా అరచెయ్యి వేసి
ఇద్దరం కలిసి ముందుకి వంగుతాం.
వచ్చింది తుడిచి, రంగు రాసుకుంటాను.
మూడు బంతుల డబ్బా నోటికందించి పీల్చమంటాను.
ఒక బంతి లేస్తుంది. రెండోది వణుకుతుంది.
మూడోది కదలదు,
అద్దె వసూలుకొచ్చి గుమ్మంలో బైఠాయించిన యజమానిలా.

ఒకటి చెప్పాలి.
నాలుగున్నరకి వెనక మెట్ల మీద
ఒక సిగరెట్టు కాలుస్తాను.
చేతులు రెండుసార్లు కడుక్కుని
పుదీనా బిళ్ళ చప్పరిస్తూ వస్తాను.
అయినా దిండు మీద చెయ్యి వెయ్యగానే
అతని ముక్కు పసిగట్టింది.
తిడతాడనుకున్నాను.
"ఏ బ్రాండు?" అన్నాడు.
చెప్పాను.
"నాసిరకం."
తర్వాత చాలాసేపు ఇద్దరం
కిటికీలోంచి పార్కింగు దీపాలు చూశాం.

గొట్టం తీసే పొద్దున, డ్యూటీ దిగిపోయినా ఉండిపోయాను.
డాక్టరమ్మ దారం విప్పుతోంది.
గాజుగుడ్డ పట్టుకుని నేను.
"నిండా పీల్చి బిగబట్టండి" అంది.
పీల్చాడు, రెండో బంతికి సరిపడా.
బిగబట్టాడు.
పెదాలు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి,
ఐదు, నాలుగు, మూడు

"షుయ్!"

తెర అవతల నుంచి.
పన్నెండో మంచం తురీబియు,
వారంగా గోడకేసి తిరిగి ఎవరితోనూ పలకనివాడు.
రాత్రులన్నీ విన్నాడన్నమాట.

గొట్టం అప్పటికే బయటికొచ్చేసింది.
నేనూ ఊపిరి బిగబట్టానని
గాజుగుడ్డ అదిమాక తెలిసింది.

తురీబియు ఏం కొన్నాడో ఎవరూ అడగలేదు.
ల్యాబు రిపోర్టు సోమవారానికి గానీ రాదు.
సీసా మీద ఆఖరి గీత గీసి
టైము రాశాను: ఎనిమిదీ ఇరవై.